బాబాసాహెబ్ వేసిన లెక్క

తెనాలి, బాపట్ల, రేపల్లె కూడళ్లలో అంబేద్కర్ చేతిలో రాజ్యాంగమే కనిపిస్తుంది. అర్థశాస్త్రం చదువుకునే మాకు ఆయన ముందు లెక్కల మనిషి. కొలంబియాలో చదివొచ్చి బొంబాయిలో షేర్లపై సలహాలిచ్చే వ్యాపారం పెడితే, కులం తెలిసి ఖాతాదారులు మానేశారు. లెక్క తప్పి కాదు! 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరయ్యారు. ఆయన తమ కూజాలో నీళ్లు తాగడానికి తోటి అధ్యాపకులు ఒప్పుకోలేదు. ఆ ఏడాదే చిన్న కమతాలపై వ్యాసం రాశారు. కమతం చాలుతుందా లేదా అన్నది ఎకరాలతో తేలదు, దానిమీద పెట్టే పెట్టుబడి, పనిముట్లతో తేలుతుందన్నారు. పనిలేక మిగిలినవాళ్లకు పరిశ్రమలు కావాలన్నారు. రూపాయిపై పుస్తకం 1923లో వచ్చింది.

మా డెల్టాలో ఎకరం కౌలుకు చేసే మాల, మాదిగ ఇళ్లలో కూర్చుని కౌలు బస్తాలు, ఎరువు, వడ్డీ తీసేసి చూసేటప్పుడు, మేం ముందు తెరిచేది ఆ 1918 వ్యాసాన్నే.