బిల్లు నడిచే దారిలో అన్ని మెట్లూ ఎక్కిన ఇల్లూరు రైతుబిడ్డ

లేపాక్షి: 1967 ఎన్నికల్లో హిందూపురం పార్లమెంటు స్థానం నుంచి గెలిచిన నీలం సంజీవరెడ్డికి ఈ చుట్టుపక్కల పల్లెల వాళ్లు కూడా ఓట్లు వేశారు. గెలిచిన వెంటనే ఆయన లోక్‌సభ స్పీకరయ్యారు. స్పీకరు ఏ పక్షానికీ చెందకూడదని పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. చట్టం పుట్టే దారిలో ఆయన నిలబడని మెట్టు లేదు. సభ్యుడు, మంత్రి, ముఖ్యమంత్రి, స్పీకరు, చివరకు రాష్ట్రపతి.

1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో రైతు కుటుంబంలో పుట్టారు. అనంతపురం కాలేజీలో చదువుతూ 1931లో చదువు మాని స్వాతంత్య్రోద్యమంలో దిగారు. 1940 తర్వాత ఐదేళ్లలో ఎక్కువ కాలం జైల్లోనే గడిచింది. 1946లో మద్రాసు శాసనసభకు వెళ్లారు. 1949లో మంత్రి అయ్యారు. 1952లో మాత్రం అనంతపురం ఓటర్లు ఆయన్ని ఓడించారు. గెలిచింది తరిమెల నాగిరెడ్డి, స్వయానా బావమరిది. అదీ జైల్లో ఉండి! మన జిల్లాలో ఎన్నికలంటే చుట్టరికం పక్కన పెట్టాల్సిందే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ప్రకాశం పంతులు మంత్రివర్గంలో ఆయన ఉప ముఖ్యమంత్రి. మద్యనిషేధం గొడవ మీద 1954 నవంబరులో ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. సభలో ఒక్క చెయ్యి ఎంత విలువైనదో ఆయన అప్పుడే చూశారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. తొలి ముఖ్యమంత్రి సంజీవరెడ్డే. ఆయన హయాంలో వచ్చిన చట్టాల్లో పల్లెలకు బాగా తగిలింది 1959 నాటి పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం. పాత జిల్లా బోర్డులు పోయి, ఊరి సర్పంచి సమితిలో కూర్చుని రోడ్డు, బడి, బావి గురించి అడిగే హక్కు వచ్చింది ఆ చట్టంతోనే. బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో చేసిన సిఫారసు దానికి మూలం.

అలాంటి కాగితం చట్టం కావాలంటే ఎన్ని గడపలు దాటాలి? ముందు శాఖ అధికారులు ముసాయిదా రాస్తారు. న్యాయశాఖ సరిచూస్తుంది. మంత్రివర్గం ఒప్పుకోవాలి. అప్పుడు మంత్రి శాసనసభలో ప్రవేశపెడతారు. మొదట బిల్లు అసలు ఉద్దేశం మంచిదా కాదా అని చర్చ. పెద్ద బిల్లయితే సెలెక్ట్ కమిటీకి పంపుతారు. తర్వాత ఒక్కో క్లాజు తీసి, సవరణలుంటే వాటి మీద ఓటు అడుగుతారు. అసలు కుస్తీ ఇక్కడే. ‘చేయాలి’ అన్న చోట ‘చేయవచ్చు’ అని పడితే చాలు, హక్కు కాస్తా దయ అయిపోతుంది. పల్లె వాళ్లు కనిపెట్టాల్సింది ఈ ఘట్టాన్నే కానీ, పేపర్లలో పెద్ద అక్షరాలు పడేది ప్రవేశపెట్టిన రోజే.

సభ ఒప్పుకున్నాక బిల్లు శాసనమండలికి వెళ్లేది. మన రాష్ట్రంలో మండలి 1958లో మొదలైంది. 1985లో రద్దయి, 2007లో మళ్లీ వచ్చింది. మండలి ఏ బిల్లునూ శాశ్వతంగా ఆపలేదు. మొదటిసారి మూడు నెలలు, సభ మళ్లీ పంపితే ఇంకో నెల. డబ్బు బిల్లయితే పద్నాలుగు రోజులే. ఆ తర్వాత గవర్నరు సంతకం. ఆయన తిప్పి పంపవచ్చు. ఉభయసభలు మళ్లీ అదే ఆమోదిస్తే కాదనడానికి లేదు. కొన్నింటిని రాష్ట్రపతికి నివేదించవచ్చు. సంతకమై గెజెట్‌లో అచ్చయ్యాకే అది చట్టం. సమితుల చట్టం 1959 నవంబరు 1 నుంచి అమలైంది.

1960 జనవరిలో కాంగ్రెసు అధ్యక్ష పదవి కోసం ముఖ్యమంత్రి కుర్చీ దిగి, 1962లో మళ్లీ ఎక్కారు. ఈసారి చిక్కు బస్సులతో వచ్చింది. ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వ రవాణా సంస్థ తీసుకోవడానికి చట్టం ఉంది. అందులో ఏ తప్పూ లేదు. కానీ ముందనుకున్న జిల్లాల వరుస మార్చి కర్నూలును ముందుకు తెచ్చారని, అది రాజకీయంగా గిట్టనివారి బస్సులను దెబ్బతీయడానికేనని యజమానులు కోర్టుకెక్కారు. ఆ ఆరోపణను కాదంటూ ముఖ్యమంత్రి అఫిడవిట్ వేయలేదు. 1964 జనవరిలో సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు. ఆయన చేసింది ఒప్పా తప్పా అన్న వాదన ఈ జిల్లా రచ్చబండల మీద చాలాకాలం నడిచింది. కుర్చీ పట్టుకుని వేలాడలేదన్నది మాత్రం నిజం.

1969లో స్పీకరు పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికకు నిలబడి వి.వి.గిరి చేతిలో ఓడారు. 1971లో అనంతపురంలోనూ ఓటమే. ఇక ఇల్లూరులో సేద్యం చూసుకున్నారు. 1977లో నంద్యాల నుంచి గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క స్థానం అది. మళ్లీ స్పీకరయ్యారు. నాలుగు నెలలు తిరక్కుండానే, జూలై 25న పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

రాష్ట్రాలు నివేదించే బిల్లులు ఇక ఆయన బల్ల మీదికే వచ్చేవి. గవర్నరు విషయంలో ఉన్న కట్టు ఇక్కడ లేదు. రాష్ట్రపతి తిప్పి పంపిన బిల్లును రాష్ట్ర సభ ఆరు నెలల్లో మళ్లీ ఆమోదించినా సంతకం పెట్టి తీరాలని రాజ్యాంగం చెప్పలేదు. కేంద్ర మంత్రివర్గం సలహాను బట్టే నడుస్తుంది. మద్రాసు సభలో చెయ్యెత్తి ఓటు వేసిన మనిషే ఐదేళ్లపాటు ఆ చివరి సంతకం పెట్టారు. 1982లో పదవీకాలం ముగిసింది. 1996 జూన్ 1న బెంగుళూరులో కన్నుమూశారు.