నవలల్లో ముక్కలైన రాజు

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాసిన ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ నవల 1996లో వెలువడింది. డ్రాగన్లు, మంచుగోడ, ఏడు రాజ్యాలు కనిపించే ఆ నవలల వరుసకు పునాదిగా నిలిచింది మాత్రం నిజంగా జరిగిన ఒక పోరు. 15వ శతాబ్దంలో ఇంగ్లండ్ సింహాసనం కోసం యార్క్, లాంకాస్టర్ అనే దాయాది వంశాలు సుమారు ముప్ఫై ఏళ్లపాటు కొట్టుకున్నాయి. వాటినే గులాబీల యుద్ధాలు అంటారు. నవలల్లోని స్టార్క్, లానిస్టర్ పేర్లను పైకి చదివితే ఆ పోలిక చెవికే తెలుస్తుంది. ఆ యుద్ధాల్లో ప్రాణం పోగొట్టుకున్న చివరి రాజు మూడవ రిచర్డ్. అతడు నేరుగా నవలల్లో పాత్రగా లేడు. కానీ అతని జీవితం ముక్కలుముక్కలుగా ఎన్నో పాత్రల్లో కనిపిస్తుందని మాకు అనిపిస్తుంది.

రిచర్డ్ 1452 అక్టోబర్ 2న ఫోదరింగే కోటలో పుట్టాడు. తండ్రి యార్క్ డ్యూక్. సింహాసనం తనకే చెందాలని పోరాడినవాడు. రిచర్డ్‌కు ఎనిమిదేళ్లున్నప్పుడు, 1460 డిసెంబర్ 30న, వేక్‌ఫీల్డ్ దగ్గర జరిగిన పోరులో తండ్రి, పదిహేడేళ్ల అన్న ఎడ్మండ్ చనిపోయారు. తండ్రి తలను నరికి, కాగితపు కిరీటం పెట్టి, యార్క్ నగర ద్వారం మీద నిలబెట్టారు. కోటగోడ మీద తండ్రి తలను చూడాల్సి వచ్చిన సాన్సా స్టార్క్ ఇక్కడ గుర్తుకొస్తుంది. తల్లి భయపడి చిన్నకొడుకులిద్దరినీ సముద్రం దాటించి బర్గండీ పాలకుని రక్షణకు పంపింది. మూడు నెలలు తిరిగేసరికి కథ తారుమారైంది. పద్దెనిమిదేళ్ల పెద్దన్న ఎడ్వర్డ్, మంచు కురుస్తుండగా టౌటన్ యుద్ధం గెలిచి రాజయ్యాడు.

ఆ ఎడ్వర్డ్ 1464లో ఎలిజబెత్ వుడ్‌విల్ అనే వితంతువును రహస్యంగా పెళ్లి చేసుకున్నాడు. అప్పటికే అతనికి ఫ్రాన్స్ సంబంధం కుదర్చడానికి తిరుగుతున్న వార్విక్ ప్రభువు దాన్ని అవమానంగా తీసుకున్నాడు. రాబ్ స్టార్క్ పెళ్లి తెచ్చిన అనర్థం చదివినవారికి ఇది ఎక్కడికి దారితీస్తుందో చెప్పనక్కర్లేదు. వార్విక్ తిరుగుబాటు చేశాడు. రాజు సొంత తమ్ముడు జార్జ్ కూడా అటు చేరాడు. రిచర్డ్ మాత్రం పెద్దన్నను వదల్లేదు. 1470లో ఇద్దరూ దేశం విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది తిరిగివచ్చి బార్నెట్, ట్యూక్స్‌బరీ యుద్ధాలు గెలిచారు. అప్పటికి రిచర్డ్‌కు పద్దెనిమిదేళ్లే. సైన్యంలో ఒక భాగాన్ని అతడే నడిపించాడు.

తర్వాత పన్నెండేళ్లు అతడు ఉత్తరాది ప్రభువుగా ఉన్నాడు. బార్నెట్‌లో చనిపోయిన వార్విక్ కూతురు ఆన్‌ను పెళ్లాడి మిడిల్‌హామ్ కోటలో కాపురం పెట్టాడు. ఉత్తరాదిలో, ముఖ్యంగా యార్క్ నగరంలో, అతనికి మంచి పేరుండేది. రాజుకు నమ్మకమైన ఉత్తరాది మనిషి అనగానే నెడ్ స్టార్క్ రూపం కళ్ల ముందు నిలుస్తుంది.

1483 ఏప్రిల్ 9న ఎడ్వర్డ్ చనిపోయాడు. కొడుకు ఐదవ ఎడ్వర్డ్‌కు పన్నెండేళ్లు. కుర్రవాడికి సంరక్షకుడు రిచర్డ్. నవలలో నెడ్‌కూ సరిగ్గా ఇదే బాధ్యత పడుతుంది. ఆ రాత్రే రాజు పిల్లల్ని చేతిలోకి తీసుకోమని ఒకరు సలహా ఇస్తే, నెడ్‌కు మనసు ఒప్పదు. కొద్ది రోజులకే అతని తల పోతుంది. రిచర్డ్ అలా ఆగలేదు. లండన్‌కు వస్తున్న బాలరాజును దారిలోనే, ఏప్రిల్ 30న, తన అదుపులోకి తీసుకున్నాడు. జూన్ 13న, చనిపోయిన రాజుకు ప్రాణస్నేహితుడైన హేస్టింగ్స్ ప్రభువును విచారణ లేకుండా చంపించాడు. మూడు రోజులకు, తల్లితోపాటు వెస్ట్‌మినిస్టర్‌లో తలదాచుకున్న తొమ్మిదేళ్ల చిన్న రాకుమారుణ్ని కూడా లండన్ టవర్‌కు చేర్చారు. ఎడ్వర్డ్‌కు అంతకుముందే మరొకరితో పెళ్లి నిశ్చయమైందని, కాబట్టి వుడ్‌విల్‌తో పెళ్లి చెల్లదని, ఆ పిల్లలకు హక్కు లేదని ప్రకటించారు. జూలై 6న రిచర్డ్‌కు పట్టాభిషేకం జరిగింది.

ఆ వేసవి తర్వాత టవర్‌లోని పిల్లలు ఎవరికీ కనిపించలేదు.

రిచర్డే చంపించాడనడానికి తిరుగులేని సాక్ష్యం దొరకలేదు. అతణ్ని సమర్థించేవాళ్లు ఇతరుల పేర్లు చెబుతారు. కానీ పిల్లలు అతని రక్షణలో ఉన్నారు. వాళ్లు బతికే ఉంటే జనానికి చూపించి పుకార్లు ఆపే అవకాశమూ అతనికే ఉంది. చూపించలేదు. మా దృష్టిలో ఆ మౌనం చిన్న విషయం కాదు. నవలల్లో బ్రాన్, రికన్ చనిపోయారని లోకమంతా నమ్మడం, చనిపోయిన రాకుమారుణ్ని నేనేనంటూ ఒక యువకుడు రావడం ఈ మిస్టరీ నీడలే. చరిత్రలో పెర్కిన్ వార్బెక్ అనేవాడు తానే ఆ చిన్న రాకుమారుణ్నని చెప్పుకుని, 1499లో ఉరికంబం ఎక్కాడు.

చిత్రమేమిటంటే రాజుగా రిచర్డ్ చెడ్డ చట్టాలు చేయలేదు. 1484 పార్లమెంటులో నిందితులకు బెయిల్ దొరికే వీలు పెంచాడు, కానుకల పేరుతో ప్రజల నుంచి బలవంతంగా డబ్బు గుంజే పద్ధతిని రద్దు చేశాడు, విదేశీ వర్తకుల మీద పెట్టిన ఆంక్షల నుంచి పుస్తకాలను మినహాయించాడు. అదే ఏడాది చట్టబద్ధ వారసుడైన ఒక్కగానొక్క కొడుకు చనిపోయాడు. మరుసటి ఏడాది మార్చిలో ఆన్ కన్నుమూసింది. 1485 ఆగస్టు 22న బాస్వర్త్ దగ్గర హెన్రీ ట్యూడర్ మీదికి రిచర్డ్ నేరుగా దూసుకెళ్లాడు. అంతవరకు పక్కన నిలబడి చూస్తున్న స్టాన్లీ సేన హెన్రీ వైపు దిగడంతో అంతా అయిపోయింది. రిచర్డ్ వయసు 32. యుద్ధంలో చనిపోయిన చివరి ఇంగ్లండ్ రాజు అతడే.

గెలిచిన ట్యూడర్ల కాలంలో అతని బొమ్మ మారిపోయింది. షేక్స్‌పియర్ నాటకంలో అతడు గూనివాడు, చెయ్యి ఎండిపోయినవాడు, వంకర శరీరంలో వంకర మనసున్నవాడు. ఒంటి లోపం చూసి మనిషిని రాక్షసుడిగా లెక్కగట్టే ఆ అలవాటును మార్టిన్ టిరియన్ పాత్రతో తిరగేశాడని మేము అనుకుంటాం. 2012లో లెస్టర్ నగరంలో, ఒకప్పటి మఠం ఉన్నచోట, కార్ల పార్కింగ్ కింద తవ్వితే రిచర్డ్ అస్థిపంజరం బయటపడింది. అక్క వంశంలోని వారసుల డీఎన్ఏతో పోల్చి 2013 ఫిబ్రవరిలో నిర్ధారించారు. వెన్నెముక పక్కకు వంగి ఉన్న మాట నిజమే. ఎండిన చెయ్యి మాత్రం కట్టుకథ. పుర్రె మీదే తొమ్మిది గాయాలు. 2015 మార్చి 26న లెస్టర్ కెథడ్రల్‌లో రాచమర్యాదలతో సమాధి చేశారు.

1674లో లండన్ టవర్‌లో ఒక మెట్ల వరుస కింద పిల్లల ఎముకలు దొరికాయి. రెండవ చార్లెస్ రాజు వాటిని ఆ రాకుమారులవిగా భావించి వెస్ట్‌మినిస్టర్ అబీలో పాలరాతి పాత్రలో పెట్టించాడు. వాటికి ఇంతవరకు డీఎన్ఏ పరీక్ష జరగలేదు.