కలియుగ భీముడు కోడి రామమూర్తి

హౌరానుండి దక్షిణముగా బోవు రైలుమార్గము మనకు కేవలము ఇనుపపట్టాలు కాదు. సెలవు దొరకినపుడు మనలను స్వగ్రామములకు గొనిపోవు బాట యది. ఖరగపూరు, కటకము, బరంపురము దాటి శ్రీకాకుళం రోడ్డు, విజయనగరము స్టేషనులు వచ్చుసరికి ప్రయాణపు బడలిక మరచిపోవుదుము. 1900లో ఈ మార్గము హౌరాతో కలిసినది. పిదప కొలది సంవత్సరములకే ఆ విజయనగర ప్రాంతమునుండి బయలుదేరిన యొక తెలుగువీరుడు తన బలప్రదర్శనములతో కలకత్తా ప్రజలను ముగ్ధులను గావించెను. ఆయనయే కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తి నాయుడు.

ఆయన 1882లో వీరఘట్టమున జన్మించెను. నాడు శ్రీకాకుళ సీమలోని ఆ గ్రామము 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. తండ్రి వెంకన్న నాయుడు. పసితనముననే తల్లిని గోల్పోయిన బాలుడు తండ్రి గారాబమున బెరిగి, తరువాత విజయనగరమున పోలీసు ఉద్యోగియగు పినతండ్రి యింట చేరెను. చదువుకంటె సాముగరిడీలయందే ఆయనకు మక్కువ హెచ్చు. విజయనగరము సంగీత సాహిత్యములకేగాక దేహపరిశ్రమకును పేరుగన్న పట్టణము. అచట కుస్తీయందు ఆరితేరి, మద్రాసు సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణము పొంది, తాను చదివిన విజయనగర పాఠశాలయందే వ్యాయామోపాధ్యాయుడయ్యెను. ఇరువదియొక్క యేండ్ల వయస్సుననే ఒకటిన్నర టన్నుల బరువును రొమ్ముపై మోసెనట. తరువాత అది మూడు టన్నులకు పెరిగినదని చెప్పుదురు.

బడిపిల్లలకు కసరత్తు నేర్పుచు జీవితము గడుపుట కాయన మనస్సొప్పలేదు. మిత్రుల తోడ్పాటుతో సర్కసు నెలకొల్పి ఊరూర ప్రదర్శనము లిచ్చెను. దేహమునకు చుట్టిన ఉక్కు గొలుసును ఊపిరి బిగబట్టి పటపట త్రెంచివేయుట, రెండు మోటారుకార్లను రెండు చేతులకు కట్టించుకొని అవి కదలకుండ నిలుపుట, వెల్లకిల పరుండి రొమ్ముపై ఏనుగును నడిపించుకొనుట ఆయన ప్రసిద్ధ విద్యలు. మద్రాసులో వైస్రాయి మింటో ప్రభువు కారును పట్టి నిలిపెనను ఖ్యాతి కలదు.

ఇందు మంత్రమేమియు లేదు. ఏనుగు నడుచునపుడు రొమ్ముపై బల్ల పరతురు. అందుచే బరువొకేచోట పడక దేహమంతటను, నేలపైనను పంచుకొనబడును. అయినను మిగిలిన భారమును భరించుటకు ఊపిరితిత్తులను గాలితో నింపి, కండరములను రాతివలె బిగించి, క్షణమైనను చెదరక యుండవలయును. ఒక్క దమ్ము తప్పినచో ప్రక్కటెముకలు విరుగును. రామమూర్తి ప్రాణాయామమును ఆశ్రయించినది ఇందుకే. ఆయన శాకాహారి, ఆంజనేయభక్తుడు. మాంసములేనిదే బలములేదని నమ్మినవారికి ఆయన దేహమే సమాధానమై నిలిచెను.

అట్టి వీరుడు కలకత్తాకు వచ్చినప్పుడు ఈ నగరము ఆయనను ఏ భావముతో చూచెనో గ్రహింపవలెనన్న, నాటి వంగదేశపు మనస్సును కొంత తెలిసికొనవలయును. బెంగాలీలు దుర్బలులని తెల్లదొరలు పుస్తకములలోనే వ్రాసిరి. ఆ నింద వంగయువకుల గుండెలలో ముల్లువలె నాటుకొనియుండెను. ఆ నిందకు ప్రత్యుత్తరముగా నగరమున అఖాడాలు వెలసెను. అంబూ గుహ కుటుంబమువారు కుస్తీవిద్యను పోషించిరి. 1887లో ప్రియనాథ బోసు గ్రేట్ బెంగాల్ సర్కసును స్థాపించెను. 1904-05లో ఐరోపా బలశాలి శాండో ఈ దేశమున పర్యటించి ప్రదర్శనము లిచ్చెను. అతనికి దీటగు భారతీయుడు లేడా యని జనులు ఎదురుచూచుచున్న వేళ రామమూర్తి వచ్చెను. ఇండియన్ శాండో యని ఆయనను పిలుచుకొనిరి. ఆయన మాతృభాష ఏదియని అడిగినవారు లేరు. గొలుసు తెగిన చప్పుడే అందరికిని అర్థమయ్యెను.

ఆ చూపరులలో భవేంద్రమోహన సాహా యను యువకుడుండెను. 1890లో జన్మించిన ఈతడు బీడన్ వీధివాడు, అఖాడాలో సాధన చేయుచున్నవాడు. తక్కినవారు చప్పట్లు కొట్టి యిండ్లకు బోయిరి. ఈతడు పోలేదు. రామమూర్తి ఆ యువకుని దేహసౌష్ఠవమును గుర్తించి తన సర్కసులో చేర్చుకొనెను. ఇంటివారికి చెప్పకయే వెడలెనని చెప్పుదురు. గురువువెంట రంగూను, సింగపూరు, జావా తిరిగి, పిమ్మట వేరొక సర్కసులో చేరి, తానును మోటారుకార్లు నిలిపి, ఏనుగును రొమ్మున మోసి, భీమ భవానీ యను పేరుతో వంగదేశమున ఇంటింట ప్రఖ్యాతుడయ్యెను. 1922లో ముప్పదిరెండేండ్లకే అతడు కన్నుమూయుట విచారకరము. కాని నేటికిని బెంగాలీలు తమ భీముని తలచినప్పుడు అతనికి దారిచూపిన తెలుగువాని పేరును గూడ తలచుచున్నారు.

పుణెలో తిలక్ మహాశయుడు రామమూర్తిని మల్లమార్తాండ బిరుదముతో సత్కరించెను. లండనులో ప్రదర్శన మిచ్చి ఇండియన్ హెర్క్యులీస్ అనిపించుకొనెనని ప్రతీతి. లక్షలు గడించెను, దానధర్మములకు లక్షలు వ్యయపరచెను. తన కనుచు మిగుల్చుకొన్నది స్వల్పము. పిదప కాలికి గాయము కాగా అది ముదిరి కాలు తీసివేయవలసివచ్చెను. మత్తుమందు పుచ్చుకొనక ప్రాణాయామబలముతోనే ఆ శస్త్రచికిత్సను సహించెనని చెప్పుదురు. కార్లను నిలిపిన వీరుడు అటుపై రంగమున నిలువజాలకపోయెను. డేరాలు ముడుచుకొనెను, జనసమూహములు చెదరిపోయెను. కడపటి దినములు ఒరిస్సాలోని బలాంగీరులో గడపి, 1942 జనవరిలో సంక్రాంతి దినములయందు పరలోకగతుడయ్యెను. మన హౌరావలెనే బలాంగీరును తెలుగునేలకు వెలుపలి ఊరే. పండుగనాడు స్వగ్రామమునకు దూరముగా నుండుట ఎట్టిదో మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

నేడు విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహము కలదు. శ్రీకాకుళమున క్రీడామైదానమునకు ఆయన పేరు పెట్టిరి. కండపుష్టి గల పిల్లవాని జూచి వీడు కోడి రామమూర్తిరా యని మన పెద్దలు మురియుటయు గలదు. ఇవన్నియు గౌరవములే. కాని రాతివిగ్రహముకంటె, బిరుదములకంటె ఘనమైన స్మారకము ఆయనకు ఈ నగరముననే లభించినదని నా తలంపు. అది ఒక పరాయిభాషా యువకుడు ఆయనను చూచి, మెచ్చుకొని ఊరకుండక, తానును అట్టివాడగుటకు పూనుకొనుట.

అభిమానము రెండు విధములు. ఒకటి చప్పట్లతో ముగియును. రెండవది మరునాటి యుదయమున దండెములు తీయుటతో మొదలగును. రామమూర్తి కాలు పోయిననాడు మొదటి యభిమానము ఆయనను విడిచినది. రెండవది శిష్యుల దేహములలో బ్రతికినది. హౌరాలో బెరుగుచున్న మన బిడ్డలకు ఈ కథ చెప్పుదము. తెలుగువాడు ఇచటికి పొట్టకూటికే రాలేదనియు, ఒకనాడు బలమును నేర్పిన గురువుగా గూడ వచ్చెననియు వారు తెలిసికొందురు. వినిన పిల్లలలో ఒక్కడు తెల్లవారి మైదానమునకు బోయినను ఆ మహావీరుని ఋణము కొంత తీరినట్లే.