కలియుగ భీముడు – మా మనవడి లెక్క

కిందటేడు ఫ్రిస్కోలో మా అబ్బాయింట్లో ఉండగా, మనవడు న్యూటన్ సూత్రాలు చదువుతుంటే నాకు కోడి రామ్మూర్తి నాయుడు గారు గుర్తుకొచ్చారు. రెండు భుజాలకు కట్టుకున్న రెండు కార్లు చెరోవైపు లాగినా ఆయన కదిలేవారు కాదని చెప్పాను. అది కట్టుకథని వాడు తేల్చేశాడు. విజయనగరంలో ఆ సర్కస్ కళ్లారా చూసిన మా తాతగారి మాటే అబద్ధమన్నట్లయి నా మనసు చివుక్కుమంది.

రామ్మూర్తి గారు 1880ల ఆరంభంలో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. చిన్ననాడే తల్లిని పోగొట్టుకుని, విజయనగరంలో పినతండ్రి గారింట పెరిగారు. కసరత్తు, కుస్తీ అక్కడే అబ్బాయి. మద్రాసులో శిక్షణ పొంది వచ్చి విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులయ్యారు. తర్వాత సొంత సర్కస్ పెట్టి ఊరూరా తిరిగారు. ఆయన శాకాహారి. ప్రాణాయామం ఆయన నిత్యసాధన. ఛాతీ పొంగించి ఇనుప గొలుసు తెంచేవారు. ఛాతీ మీద ఏనుగును నిలుపుకునేవారు.

ఆ సాయంత్రం మనవడూ నేనూ కాగితం మీద బొమ్మ గీశాం. రెండు కార్లూ సమానంగా లాగితే ఆ బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, మనిషి కదలడు. కారు లాగగల బలానికి కూడా హద్దుంది, అది దాటితే చక్రాలు జారిపోతాయి. తాడు ముందే బిగువుగా ఉండి, కారు నిలిచిన చోటి నుంచే బయలుదేరాలి. వేగం అందుకున్న కారును ఆపాలంటే ఎన్నో రెట్ల బలం కావాలి. ఏనుగు కింద చెక్క పరిస్తే బరువు ఒక్కచోట పడక ఒళ్లంతా సర్దుకుంటుంది.

ఇదంతా తెలిశాక ఆయన చిన్నవారైపోయారా? లేదు. బలాలు రద్దయినా భుజాల మీది లాగుడు రవ్వంత తగ్గదని లెక్క కట్టి చెప్పింది మా మనవడే. చెక్క పరిచినా ఏనుగు బరువు తగ్గదు. దాన్ని మోసింది ఆ ఎముకలూ, కండలూ, బిగబట్టిన ఊపిరీ.

నేలమీద అంత గట్టిగా నిలిచిన మనిషికి చివరి రోజుల్లో కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో కన్నుమూశారు. శ్రీకాకుళంలో ఆయన పేరిట స్టేడియం, విశాఖ బీచ్‌రోడ్డులో విగ్రహం ఉన్నాయి.

రెండు దేశాలు చెరోవైపు లాగుతుంటే కదలక నిలిచిన మన పిల్లల్ని చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తారు. వాళ్ల భుజాల మీది లాగుడు పైకి కనబడదు. మీ పిల్లలకూ ఈ కథ చెప్పండి. నమ్మకపోతే కాగితం, పెన్సిలూ చేతికివ్వండి.