లారీ దొర చూడని గీత

మాది లాల్‌దర్వాజ. రోజూ కాలేజీ బస్సు చార్మినార్, మదీనా దాటి నయాపూల్ ఎక్కుతుంది. మూసీ దాటగానే ఎడమ వైపు ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నాను కానీ, గుండె గురించి ప్రపంచ వైద్యులు కొట్లాడుకున్న ఒక పెద్ద గొడవ ఈ చుట్టుపక్కలే నడిచిందని మొన్నటిదాకా తెలీదు. మా ఈసీజీ మినీ ప్రాజెక్టు కోసం చదువుతుంటే ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు తగిలాడు. లారీ అనగానే నవ్వకండి, నిజంగా ఆయన పేరే అది.

లారీ 1846లో పుట్టారు. మన హైదరాబాద్ మెడికల్ స్కూలు మొదలైంది కూడా ఆ ఏడాదే! ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ అనే గొప్ప సర్జన్ దగ్గర చదువుకున్నారు. మత్తు కోసం క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరి ఎలా ఆడుతోందో చూడండి అన్నది సైమ్ పాఠం. లారీకి అది గురువాక్యం అయిపోయింది. లండన్ డాక్టర్లదేమో వేరే మాట. క్లోరోఫాం నేరుగా గుండెనే ఆపగలదు, నాడి మీద వేలు ఉండాల్సిందే అనేవాళ్లు. 1848లో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి, క్షణాల్లో చనిపోయింది. అలాంటి చావులు అడపాదడపా జరుగుతూనే ఉన్నాయి. ఎందుకో ఎవరికీ తేలలేదు.

లారీ 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాదుకు వచ్చారు. అప్పటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, మెడికల్ స్కూలు ఆయన చేతికొచ్చాయి. వేలమందికి క్లోరోఫాం ఇప్పించారు. ఆడపిల్లలకు కూడా వైద్యం చదివే అవకాశం ఇచ్చారు. ప్రపంచంలోనే తొలితరం మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా లెక్కించే రూపాబాయి ఫర్దూన్జీ ఆయన శిష్యురాలే. ఇవన్నీ చూస్తే మనిషి మీద గౌరవం పెరుగుతుంది.

1888లో లారీ ఒక కమిషన్ వేయించారు. వందకు పైగా కుక్కలకు క్లోరోఫాం ఇచ్చి చూశారు. ముందు ఊపిరి ఆగింది, తర్వాతే గుండె. ఇంకేముంది, సైమ్ చెప్పిందే నిజమని ప్రకటించారు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండి అన్నారు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టరు వచ్చారు. క్లోరోఫాం గుండెను ఆపగలదని నమ్మే మనిషే ఆయన. కుక్కలు, కోతులు, ఇంకా ఎన్నో జంతువుల మీద వందల ప్రయోగాలు జరిగాయి. మసి పూసిన కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటే, దాని మీద రక్తపోటు గీత పడేది. చివరికి బ్రంటన్ కూడా లారీ వైపే మొగ్గారు. హైదరాబాద్ పేరు ప్రపంచమంతా మోగింది.

కానీ లారీ చెప్పింది పూర్తి నిజం కాదు.

మన గుండె కుడి పై గదిలో ఎస్‌ఏ నోడ్ అనే చోట చిన్న కరెంటు పుడుతుంది. అది పై గదుల్లో పాకితే ఈసీజీలో పి అనే చిన్న గుట్ట వస్తుంది. ఏవీ నోడ్ దగ్గర ఒక్క క్షణం ఆగి కింది గదుల్లోకి దూకితే క్యూఆర్ఎస్ అనే నిటారు శిఖరం, గదులు మళ్లీ సిద్ధమయ్యేటప్పుడు టి. ఈ వరుస చెడి కింది గదుల్లో ఎక్కడి కండ అక్కడ కొట్టుకుంటే గీత పిచ్చిగీతలా మారుతుంది. దాన్నే ఫిబ్రిలేషన్ అంటారు. గుండె వణుకుతుంది కానీ రక్తాన్ని నెట్టదు. రక్తపోటు గీత పడిపోయిందని చెప్తుంది, ఎందుకు పడిపోయిందో చెప్పదు.

1911 ప్రాంతంలో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లుల మీద అసలు సంగతి పట్టుకున్నారు. క్లోరోఫాం ఎక్కువైనప్పుడు కాదు, మత్తు పలచగా ఉండి ఒంట్లో అడ్రినలిన్ పొంగినప్పుడు గుండె ఫిబ్రిలేషన్‌లోకి వెళ్లిపోతోంది. ఈసీజీ చదవడంలో దిట్ట అయిన థామస్ లూయిస్ కూడా ఆయనతో కలిసి పనిచేశారు. భయపడుతూ పడుకున్న మనిషి, చిన్న ఆపరేషన్, అప్పుడే మొదలైన మత్తు. చావులు అలాంటప్పుడే ఎందుకొచ్చాయో అప్పుడు అర్థమైంది.

ఆ చావులు వేలల్లో ఒకటి. హైదరాబాదులో చేసినవి వందలు. కళ్లముందు పడని దాన్ని లారీ లేదనుకున్నారు. ఇందులో మోసం లేదు, నిర్లక్ష్యమూ లేదు. ఊపిరి గమనించమన్న మాట ఎంతోమందిని కాపాడే ఉంటుంది. నాడి చూడక్కర్లేదు అన్న మిగతా సగమే ప్రమాదం. ఇంకో విచిత్రం, మనిషి గుండె కరెంటును వాలర్ లండన్‌లో గీతగా పట్టింది 1887లో, అంటే మొదటి కమిషన్‌కు ఏడాది ముందే. ఐంతోవెన్ దాన్ని స్పష్టంగా చదివే యంత్రం తయారుచేసేసరికి లారీ హైదరాబాదు వదిలేశారు. 1915లో కన్నుమూశారు. ఆయన పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని 1908 మూసీ వరద దెబ్బతీసింది.

ఇది చదివిన రాత్రి మా ప్రాజెక్టు పోస్టర్ మళ్లీ తెరిచాను. గుండె లయ తప్పితే నూటికి నూరు శాతం పట్టేస్తుందని పెద్ద అక్షరాల్లో రాసుకున్నాం. టెస్ట్ చేసింది ఎవరి మీద? మా నలుగురి మీదే. అందరం ఇరవై ఏళ్లవాళ్లం, ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చుని. లయ తప్పిన గుండె ఒక్కటీ మా బోర్డు చూడనే లేదు. టీమ్‌లో కాసేపు వాదన అయింది, మార్కులు తగ్గుతాయని ఒకడి భయం. చివరికి ఆ లైన్ తీసేసి, ఎవరి మీద, ఎలా కూర్చోబెట్టి పరీక్షించామో రాశాం. మార్కులు ఇంకా రాలేదు.

ఇప్పుడు బస్సు నయాపూల్ ఎక్కినప్పుడల్లా ఎడమ వైపు కిటికీ కోసం చూస్తున్నాను.