విద్యుద్రైళ్ళ అధిపతి శామ్యూల్ ఇన్సల్

ధనము కూడబెట్టుట యొక విద్య. పరులు నమ్మి యిచ్చిన ధనమును కాపాడుట అంతకన్న కఠినమైన విద్య. మొదటిదానిలో సాటిలేని వాడనిపించుకొని రెండవదానిలో ఓడిపోయిన శామ్యూల్ ఇన్సల్ జీవితము, నెలజీతములో నాలుగు రాళ్ళు వెనుక వేసికొనదలచిన ప్రతి కుటుంబమును తెలిసికొనదగినది.

ఇన్సల్ 1859వ సంవత్సరము నవంబరు 11వ తేదీన లండను నగరమున సామాన్య కుటుంబమున జన్మించెను. పదునాలుగవ యేట చదువు మాని గుమాస్తాగా చేరి, సంక్షిప్తలేఖనము నేర్చెను. ఆ విద్యయే అతనిని 1881లో అమెరికాకు కొనిపోయి, ఎడిసన్ మహాశయునికి ఆంతరంగిక కార్యదర్శిని గావించెను. 1892లో షికాగో ఎడిసన్ కంపెనీకి అధ్యక్షుడయ్యెను. అప్పటికది చిన్న సంస్థ.

ఇన్సల్ ఒక సూక్ష్మమును గ్రహించెను. విద్యుత్తును ధాన్యమువలె గాదెలో నిలువ చేయరాదు. దీపములు రాత్రియే వెలుగును. పగలంతయు యంత్రములు ఊరకుండును. పగలు సయితము విద్యుత్తును కొనువారుండిన యెడల ధర తగ్గించియు లాభము పొందవచ్చును. అట్టివారిలో ముఖ్యమైనవి కర్మాగారములు, ట్రాములు, విద్యుద్రైళ్ళు.

ఆ కాలమున అమెరికాలో పట్టణములను కలుపు విద్యుద్రైళ్ళ మోజు మిక్కుటముగ నుండెను. ఇవి వీథులలో తిరుగు ట్రాములకన్న పెద్దవి, వేగము గలవి. 1916 నాటికి వీటి మార్గముల నిడివి సుమారు 15,500 మైళ్ళు. దారి పొడవున నున్న రైతులు, అంగళ్ళవారు వాటాలు కొనిరి. రైలు వచ్చిన భూముల ధర పెరుగునని ప్రవర్తకులు ఆశ చూపెడివారు. పెక్కుచోట్ల ఋణపత్రములపై తెచ్చిన సొమ్ముతోనే దారి వేసి, వాటాలను కొసరుగా పంచిపెట్టెడివారు. వడ్డీ చెల్లించిన పిమ్మట వాటాదారునకు మిగులునది స్వల్పము. మోటారు కార్లు వచ్చిన పిదప ఆ స్వల్పమును పోయెను.

అట్లు దివాలా తీసిన మార్గములనే ఇన్సల్ చేపట్టెను. షికాగోనుండి మిల్వాకీకి పోవు నార్త్ షోర్ మార్గమును 1916లోను, సౌత్ బెండునకు పోవు సౌత్ షోర్ మార్గమును 1925లోను వశపరచుకొని, పట్టాలు బాగుచేయించి, కొత్త బండ్లు తెప్పించి, అందమైన రంగుల ప్రకటనలతో ప్రయాణికుల నాకర్షించెను.

మూలధనమునకై అతడు బ్యాంకులనే ఆశ్రయింపలేదు. తన కంపెనీల ఉద్యోగులచేతనే వాడకందార్లకు వాటాలు అమ్మించెను. సొమ్ము నెలనెల చీటీ కట్టినట్లు వాయిదాలలో చెల్లింపవచ్చును. ఇంట దీపము వెలిగించిన కంపెనీకి తామును యజమానులమని సామాన్యులు సంతోషించిరి. లక్షలాది కుటుంబములు ఇట్లు వాటాదారులయ్యెను. ఈ పద్ధతి రైలు కంపెనీలకును వ్యాపించెను.

ఇంతవరకు అతని పని మెచ్చదగినదే. కాని కంపెనీల వాటాలను కొనుటకు వేరొక కంపెనీ, దాని వాటాలకు మరియొక కంపెనీ వెలసెను. తన సంస్థలు పరుల పాలగునన్న భయముతో 1928, 1929లలో మరి రెండు పెట్టుబడి కంపెనీలను స్థాపించి, వాటాలు కుదువబెట్టి బ్యాంకులనుండి భారీగా అప్పు తెచ్చెను. 1929లో వాటాల ధరలు పతనము కాగా, ఆ పేకమేడ కదలి, 1932 ఏప్రిలులో కూలెను. రైలు కంపెనీలును త్వరలోనే దివాలా తీసెను. పై అంతస్తుల కాగితములు కొన్నవారు సర్వము కోల్పోయిరి. యంత్రములు, తీగెలు నిజముగ గలిగి, దీపములు వెలిగించిన అడుగు కంపెనీలు మాత్రము నిలిచెను. ఇన్సల్ స్వంత ఆస్తియు హరించెను.

నిందకు జడిసి ఐరోపాకు, అచ్చటినుండి గ్రీసు దేశమునకు పోయెను. 1934లో ఇస్తాంబూలునందు పట్టుబడి షికాగోకు తేబడెను. మోసము చేసెనన్న అభియోగము నిలువలేదు; జూరీ నిర్దోషియని తీర్పు చెప్పెను. న్యాయస్థానము విడిచినను, పొదుపు పోయిన సంసారముల బాధ తీరలేదు. అట్టి కంపెనీల గొలుసును అరికట్టుచు అమెరికా ప్రభుత్వము 1935లో చట్టము చేసెను. 1938 జూలై 16న పారిస్ నగరపు భూగర్భ విద్యుద్రైలు స్టేషనులో ఇన్సల్ గుండె ఆగి మరణించెను.

నార్త్ షోర్ మార్గము 1963లో మూతపడెను. సౌత్ షోర్ మార్గము ప్రభుత్వ సంస్థ పోషణలో నేటికిని నడచుచున్నది. రాజధాని ప్రాంతమున 2023లో సాహిబాబాదు, దుహాయిల నడుమ మొదలైన నమో భారత్ రైలు ఊళ్ళను కలుపు విద్యుద్రైలే. దానికి సొమ్ము సమకూర్చినవి ప్రభుత్వములు, అంతర్జాతీయ బ్యాంకుల ఋణములు. ఇంటింట వాటాలు అమ్మి తెచ్చినది కాదు. ఇన్సల్ నమ్మించిన రైలు నిజమే, దీపము నిజమే. వానిపై పేర్చిన కాగితమే నిలువలేదు. తన సొమ్ము పట్టాలపై నున్నదా, కాగితముపై నున్నదా యని విచారించుట చిన్న మదుపుదారునకు ఎల్లకాలమును శ్రేయస్కరము.