మనుష్యుల మాటల నడుమ క్లౌ దొరగారు

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 1:26-29, 4:1-5



పల్లెలో కాపురముండువారికి మాట పడుట క్రొత్త కాదు. బావి దగ్గర ఒక మాట, రచ్చబండ దగ్గర ఒక మాట, ఆరాధన ముగిసి గుడి మెట్లు దిగుచుండగా మనవారి నోటనే మరియొక మాట. దెబ్బ తగిలిన చోటు నాలుగు దినములలో మానును గాని, మాట తగిలిన చోటు ఏండ్ల తరబడి సలుపుచుండును. గుడికి వచ్చుట మానుకొన్న కుటుంబముల యిండ్లకు మేము పోయి విచారించినప్పుడు, బోధ నచ్చక మానినవారు మాకు అరుదుగా కనబడిరి. ఎవరో ఏదో అనిరని మానినవారే యెక్కువ. కాబట్టి ఈ నెల, చాల మాటలు పడియు పని విడువని ఒక మనుష్యుని చరిత్ర వ్రాయ తలచితిమి. ఆయన మనకు పరాయివాడు కాడు. ఒంగోలు ప్రాంతపు సంఘములలో పెద్దవారు నేటికిని క్లౌ దొరగారని ప్రేమతో చెప్పుకొను జాన్ ఎవరెట్ క్లౌ గారే.

ఆయన 1836 జూలై 16వ తేదీన అమెరికా దేశములో, న్యూయార్కు రాష్ట్రపు ఫ్రూస్‌బర్గ్ అను ఊరి దాపున జన్మించెను. కుటుంబము పడమరకు తరలి అయోవా ప్రాంతములో స్థిరపడెను. కుర్రతనములోనే మిన్నెసోటా అడవులలో భూమిని కొలుచువారితో చేరి సర్వే పని నేర్చుకొనెను. న్యాయవాది కావలెనని ఆయన కోరిక. దేవుని సంగతి అప్పుడు ఆయనకు పట్టలేదు. బర్లింగ్టన్ పట్టణమున చదువుకొను దినములలో తన గదిలోని స్నేహితుడు మోకరించి ప్రార్థించుట చూచి విసుగుకొని, గది నడుమ సుద్దతో గీత గీసి, నీ ప్రార్థన నీ పక్కనే చేసికొమ్మనెనట! ఇతరుల భక్తిని ఎగతాళి చేసినవాడు తరువాత తానే ఎగతాళికి గురి యగుట చిత్రమే గదా. ఆ స్నేహితుడు అలుగలేదు, ప్రార్థన మానలేదు. కొంత కాలమునకు గీత గీసినవాడే గీత దాటి వచ్చి ప్రక్కన మోకరించెను. 1858లో బాప్తిస్మము పొందెను.

ఇక ఆయన వచ్చి చేరిన మిషను సంగతి కొంచెము చెప్పవలెను. అమెరికను బాప్తిస్టుల తెలుగు మిషను 1836లో ప్రారంభమై, 1840 నుండి నెల్లూరులో నిలిచెను. ఎంత కష్టించినను విశ్వాసులు వ్రేళ్ళ మీద లెక్కింపదగినంత మందియే. స్వదేశములోని పెద్దలు ధనము వ్యర్థమగుచున్నదని, పని మూసివేయుట మంచిదని ఒకసారి కాదు, పలుమారులు తలపోసిరి. 1853లో ఆల్బనీ పట్టణపు సభలో ఆ చర్చయే జరిగెను. పటములో ఒకే గుర్తుగా నున్న ఆ నెల్లూరుకు ఒంటరి నక్షత్రమని పేరు వచ్చినది అప్పుడే. లైమన్ జూయెట్ గారు మాత్రము విడువలేదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఆయనయు, భార్యయు, నర్సు, జూలియా, రూతు అను మన తెలుగు విశ్వాసులు ముగ్గురును ఒంగోలు కొండ యెక్కి ఆ ప్రాంతము కొరకు ప్రార్థించిరి. 1862లో మరల మూసివేయు మాట వచ్చినప్పుడు, సెలవు మీద స్వదేశములో నుండిన జూయెట్ గారు, ఎవరు పంపకపోయినను తాను ఒంటరిగానైన తెలుగువారి యొద్దకు తిరిగి పోయెదనని తెగించి చెప్పెను. పెద్దలు తలయొగ్గిరి. ఆయన వెంట పంపబడినవారే క్లౌ దొరగారు. వారు 1864 నవంబరు 30న బోస్టన్ రేవునుండి ఓడ యెక్కి 1865 ఏప్రిలులో మద్రాసు చేరిరి.

దొరగారు 1866 సెప్టెంబరులో భార్య హారియట్ దొరసానమ్మతో ఒంగోలులో కాపురము పెట్టిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘము ఏర్పడెను. ఊరిలోని పై కులములవారు ఆయనను గౌరవించిరి. తమ కుమారులకు బడి కావలెనని కోరిరి. బడి తెరవగానే పిల్లలను పంపిరి. పెద్దవారు కొందరు కూర్చుండి వాక్యము మర్యాదగా వినుచుండిరి. క్రొత్తగా వచ్చిన మిషనరీకి ఇంతకంటె ఏమి కావలెను? స్వదేశమునకు వ్రాసికొనుటకు ఎంత చక్కని వర్తమానము!

ఆ లోపల పడమటి దిక్కునుండి మరియొక పిలుపు వచ్చెను. తాళ్ళకొండపాడు నివాసి యెర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ళ వ్యాపారము చేయు మాదిగ పెద్ద. సత్యమును వెదకుచు యోగమార్గము నడచినవాడు. తోళ్ళ కొరకు ఉత్తరముగా ఏలూరు ప్రాంతమునకు పోయినప్పుడు అక్కడి మిషనరీలవలన క్రీస్తును గూర్చి విని, ఒంగోలునకు దొర వచ్చునని తెలిసికొని కనిపెట్టుచుండెను. 1866లోనే బాప్తిస్మము పొంది, వాడవాడ తిరిగి తన జనులకు చెప్పెను. 1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్ళకొండపాడు వెళ్ళి, చింత తోపులో కూడిన జనమునకు కొన్ని దినములు బోధించి 28 మందికి బాప్తిస్మమిచ్చిరి.

అప్పుడు ఒంగోలు పెద్దలు మాట మార్చిరి. మాదిగవారిని చేర్చుకొనిన యెడల తాము రాలేమనిరి. బడిలో వారిని కూర్చుండబెట్టిన యెడల తమ పిల్లలు లేచి పోవుదురనిరి. వారు తిట్టలేదు, కొట్టలేదు. మంచి మాటలతోనే చెప్పిరి. తిట్టుకంటె ఇట్టి మాటయే మనుష్యుని ఎక్కువ కదలించునని మా అభిప్రాయము. శత్రువు కోపమును ఓర్చుకొనవచ్చును గాని, మనలను మెచ్చుకొనువారి మెప్పు జారిపోవుచుండగా చూచుట కష్టము. పై కులములు ముందు వచ్చిన క్రింది వారు తరువాత వత్తురని బోధించు జ్ఞానులు ఆ కాలమున చాలమంది యుండిరి. దొరగారు నిజముగా కలత చెందిరి. కలతలో తన గదిలోని గ్రంథముల దొంతినుండి ఒక వేదపుస్తకము తీసి తెరువగా, పైన వ్రాసిన కొరింథీ పత్రిక మొదటి అధ్యాయపు భాగము కనబడెను. లోకము ఎన్నికలేనివారినిగా ఎంచినవారినే దేవుడు ఏర్పరచుకొనెనని పౌలు చెప్పు భాగమది. ఆయన లేచి భార్య గదికి పోగా, ఆమెయు తన గ్రంథములో అదే భాగము తెరచి చదువుచుండెను. ఒకరికొకరు చెప్పుకొనలేదు. ఇంక ఆ యింట చర్చ జరుగలేదు. మాదిగవారిని చేర్చుకొనిరి. పెద్దింటి పిల్లలు పలకలు చంకను బెట్టుకొని బడి విడిచి పోయిరి.

ప్రియులారా, ఈ సంగతిలో బడి ఖాళీ అయినదను మాట దాటవేయకూడదు. దేవుని చిత్తము చేసిన మరునాడే బడి నిండలేదు. దొరగారి నష్టము బడితో పోయెను గాని, మాట పడుటలో అసలు భారము మన పితరుల మీద పడెను. వారు చచ్చిన పశువు మాంసము తినుట మానిరి, జాతరలలో డప్పు కొట్టము అనిరి, ఆదివారము పనికి రామనిరి. వెంటనే ఊరివారి నోళ్ళు లేచెను, చేతులును లేచెను. కొందరిని కొట్టిరి, కొందరిమీద దొంగ నేరములు మోపిరి, నీళ్ళ యొద్దకు రానీయలేదు. వారికి చదువు లేదు, పొలము లేదు, స్వదేశపు సభ యొకటి వెనుక లేదు. దొరగారి చరిత్రలు వ్రాసినవారు వీరి ఓర్పునకు తగినంత చోటు ఇయ్యలేదని మాకు తోచుచున్నది.

1876లో ధాత కరువు వచ్చెను. మద్రాసు రాజధాని యంతయు ఎండిపోయెను. ప్రభుత్వము పనులు పెట్టెను గాని, మేస్త్రీల దౌష్ట్యమునకు వెరచి పేదలు పోలేకుండిరి. అప్పుడు దొరగారికి చిన్ననాటి సర్వే విద్య అక్కరకు వచ్చెను. బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా త్రవ్వు కంట్రాక్టు తానే తీసికొని, రాజుపాలెములో పాకలు వేయించి వేలమందికి పని కల్పించిరి. బోధకులే మేస్త్రీలైరి. కూలి సరిగా అందెను. పని నడుమ కూర్చుండి అలసట తీర్చుకొను వేళలలో బోధకులు వారికి క్రీస్తును గూర్చి చెప్పుచుండిరి.

ఇచ్చట ఆయన చేసిన పని నిదానించి చూడవలెను. 1877 మార్చి మొదలు 1878 జూను వరకు, పదునైదు నెలలు, ఆయన ఒక్కరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. అడిగినవారు లేక కాదు. గుంపులుగా అడిగిరి. కాని ఆకలిగొన్న మనుష్యుడు అన్నము పెట్టు చేతిని చూచి వచ్చునేమో, క్రీస్తును చూచి వచ్చునో తెలియదని ఆయన భయపడెను. తరువాత లోకము అడుగబోవు ప్రశ్నను ఆయన ముందే తన్ను తాను అడిగికొనెనన్న మాట.

సహాయపు ధనము అయిపోయినదని అందరికిని తెలియజేసిన తరువాత, 1878 జూనులో బోధకులను, విశ్వాసులను వెల్లంపల్లిలో కూడుమని కబురంపిరి. ఒంగోలులో రోగములున్నందున, పది మైళ్ళ దూరమున గుండ్లకమ్మ యొడ్డుననున్న ఆ ఊరు ఏర్పరచిరి. జనము వేలుగా వచ్చెను. పంచుటకు ఇక ఏమియు లేదని చెప్పినను కదలలేదు. పనిచేసి కాయలు కాచిన అరచేతులు చూపించి, మాకు ధనము వద్దు, సహాయము అడుగము, చచ్చిన క్రైస్తవులుగా చత్తుమని వారు పట్టుబట్టిరి. బోధకులు తమ తమ ఊళ్ళవారి జాబితాలు చేత బట్టుకొని ఒక్కొక్కరిని విచారించిరి. ఎరుగనివారిని నిలిపివేసిరి. జూలై 2న 614 మంది, 3న 2222 మంది, 4న 700 మంది ఆ యేటిలో బాప్తిస్మము పొందిరి. మూడవ తేదీన ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున మార్చుకొనుచు నీళ్ళలో నిలిచిరి. సుమారు తొమ్మిది గంటలు పట్టెను. దొరగారు నీటిలో దిగలేదు, ఒడ్డుననుండి జరిగింపు చూచుకొనిరి. ఆ సంవత్సరాంతమునకు ఒంగోలు సంఘపు సంఖ్య పన్నెండు వేలు దాటెను.

వార్త సముద్రము దాటి పోయెను. సంతోషించినవారు సంతోషించిరి. తక్కినవారి మాటలు వేరు. వీరు అన్నము కొరకు కలిసినవారని, ఇంత తొందరగా ముంచినవాడు వివేకి కాడని, ఒక్క దినమున రెండు వేలమందిని విచారించుట సాధ్యమా యని, కరువు తీరగానే అందరును పాత దేవతల యొద్దకు పోవుదురని. ఈ మాటలలో కొన్ని పరాయివారివి. బాధ కలిగించినవి స్వజనులవి.

దున్నపోతు మీద వాన కురిసినట్లు ఏ మాటయు అంటనివారు కొందరుందురు. దానిని ధైర్యమనుకొందుము గాని అది చెవిటితనము. క్లౌ దొరగారు అట్టివారు కారు. వారి స్వభావము వేడియైనది. నొచ్చుకొనిరి, వాదించిరి. అయినను మాటను రెండుగా చీల్చుట వారికి తెలిసెను. అన్నము కొరకు వచ్చిరను నింద న్యాయమైన ప్రశ్నయే. దానికి పదునైదు నెలలు ముందే జవాబిచ్చి యున్నందున అది వారిని పడద్రోయలేదు. ఇంతమందిని మేపునదెవరు అనునదియు న్యాయమే. దానికి కోపము తెచ్చుకొనక, బోధకులను పెంచిరి, బళ్ళు పెట్టిరి, తోడి మిషనరీలను పంపుమని వేడిరి. తన పొలము చిన్నదగునను అసూయ లేక కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల ప్రాంతములను 1880ల తొలి భాగములో ఇతరుల చేతికి అప్పగించిరి. ఇక మాదిగవారు ఇంతేనను మాట యున్నదే, దానికి వారు జవాబు వెదకనే లేదు. ఆ మాట పలికినవారు పౌలుతో తేల్చుకొనవలసినదే.

వేలమందిలో కొందరు వెనుకకు జారిరి, అది ఏ సంఘములోనైన జరుగునదే. తక్కినవారు నిలిచిరి. 1890 డిసెంబరులో మరియొకసారి ఒంగోలులో ఒకే దినమున పదహారు వందలకు పైగా బాప్తిస్మము పొందిరి. అప్పటికి కరువు లేదు, కాలువ పని లేదు.

తరువాతి కాలమున తోడి మిషనరీలతోనే భేదము పుట్టెను. పల్లెల పెద్దరికమును, పంచాయతీ పద్ధతిని సంఘములో నిలుపవలెనని దొరగారు. బోధకులను సంఘములే పోషించు కట్టుదిట్టములు త్వరగా రావలెనని పలువురు చిన్న మిషనరీలు. ఇందులో దొరగారి పక్షమే సంపూర్ణముగా సరియైనదని మేము చెప్పము. నేడు మన సంఘములు తమ కాళ్ళపై నిలువగలిగినది ఆ రెండవ పక్షము పట్టుదలవలన కూడనే. ఆయన మాత్రము తాను నమ్మినది దాచలేదు, దాని కొరకు పని విడిచి పోలేదు. 1893లో హారియట్ దొరసానమ్మ మరణించిరి. 1894లో ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడెను. ముసలితనమున తన జీవితమంతయు ఆమెకు చెప్పగా ఆమె వ్రాసెను. ఆ పుస్తకము ఆయన పోయిన తరువాత 1914లో అచ్చయ్యెను.

1910లో ఆయన ఈ దేశము విడిచి స్వదేశము చేరి, అదే సంవత్సరము నవంబరు 24న రోచెస్టరు పట్టణమున ప్రభువునందు నిద్రించెను. వయస్సు 74 సంవత్సరములు. ఒంగోలు పోవువారు ప్రార్థన కొండ యెక్కి చూడవచ్చును. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ, వానలు కురిసిన యేట, నేటికిని నిండుగా పారుచున్నది.